బాధ్యత ఎవరిది, బాధ్యుడు ఎవరు?
గనుల కంపెనీల సామాజిక సేవ: ఒక పరిశీలన

వంశధార శ్రీకాకుళం జిల్లా రైతుకు బాగా తెలిసిన నది. గొట్టా బ్యారేజీ దగ్గర కాలువలకెక్కి, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. అది పుట్టే చోటు మాత్రం మనలో చాలామంది చూడనిది. ఒడిశాలో కలహండి, రాయగడ జిల్లాల సరిహద్దు కొండల్లో పుట్టి, లాంజిగఢ్ ప్రాంతం మీదుగా అది కిందికి దిగుతుంది. ఆ లాంజిగఢ్‌లో, నియమగిరి కొండల పాదాన, వేదాంత కంపెనీ కట్టిన అల్యూమినా శుద్ధి కర్మాగారం ఉంది. బాక్సైట్ ఖనిజాన్ని కాస్టిక్ సోడాతో ఉడికించి అల్యూమినా తీసుకున్నాక మిగిలేది ఎర్ర బురద. తీవ్రమైన క్షారగుణం కలిగిన ఆ బురదను అక్కడే నిలవ చేయాలి. అదే ఊళ్లో కంపెనీ పేరుతో ఒక ఆసుపత్రి, ఒక పాఠశాల కూడా ఉన్నాయి.

కంపెనీ వార్షిక నివేదిక ఆసుపత్రిని చూపిస్తుంది. ఉద్యమకారుల కరపత్రం బురద చెరువును చూపిస్తుంది. ఒకరు చూపినదాన్ని మరొకరు చూపరు. ఆసుపత్రీ నిజమే, బురదా నిజమే. కాని ఈ రెంటినీ ఒకే పద్దుపుస్తకంలో ఎదురెదురుగా రాసే అలవాటు ఎవరికీ లేదు. ఆ అలవాటు లేకపోవడం వల్ల జరిగే నష్టమే ఈ వ్యాసానికి విషయం.

ఒక మాట, రెండు అర్థాలు

'కార్పొరేట్ సామాజిక బాధ్యత' అనేది ఇంగ్లీషు మాటకు మనం చేసుకున్న అనువాదం. తెలుగులో 'బాధ్యత' అంటే చేయవలసిన పని, మోయవలసిన బరువు. పిల్లల చదువు తండ్రి బాధ్యత. అదే కుదురు నుంచి వచ్చిన 'బాధ్యుడు' అనే మాటకు వాడుకలో ఇంకొక అర్థం కూడా ఉంది. ఒక ప్రమాదం జరిగితే 'దీనికి బాధ్యులెవరు?' అని అడుగుతాం. అక్కడ బాధ్యుడు అంటే జరిగిన చెడుకు జవాబు చెప్పవలసినవాడు.

గనుల కంపెనీల నివేదికల్లో మొదటి మాట పుటపుటకూ కనిపిస్తుంది. రెండవది వెతికినా దొరకదు. ఈ నివేదికలను ఒక సాహిత్య ప్రక్రియగా తీసుకుని చదివితే వాటి వ్యాకరణం తొందరగానే అర్థమవుతుంది. మంచి జరిగిన వాక్యాలన్నిటికీ కంపెనీ కర్త: మేము కట్టించాం, మేము పంచాం, మేము చేయూతనిచ్చాం. చెడు జరిగిన వాక్యాలకు కర్త ఉండడు: భూగర్భజలాలు తగ్గాయి, పంటలు దెబ్బతిన్నాయి, ప్రజలు తరలివెళ్లారు. గ్రామస్థులకు అక్కడ ఒకటే పేరు, 'లబ్ధిదారులు'. భూమి పోగొట్టుకున్నవాడు, ఉబ్బసంతో బాధపడేవాడు, బావి ఎండిపోయినవాడు, అందరూ లబ్ధిదారుల సంఖ్యలోనే కలిసిపోతారు. లబ్ధిదారుడికి కృతజ్ఞత చెప్పే పాత్ర తప్ప ప్రశ్న అడిగే పాత్ర లేదు.

అందువల్ల 'కంపెనీ ఎంత ఇచ్చింది?' అన్న ప్రశ్నతో ఈ సేవను కొలవడం మొదలుపెడితే దారి తప్పినట్టే. ఇచ్చినది దానమా, బాకీ తీర్చడమా అన్నది ముందు తేలాలి. దాతకు లెక్క అడిగేవాడు ఉండడు. బాకీదారుకు ఉంటాడు.

రెండు శాతం, ఇరవై శాతం

భారతదేశంలో ఈ సేవకు చట్టరూపం 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షనుతో వచ్చింది. 2014 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. 500 కోట్ల రూపాయల నికర విలువ, లేదా 1,000 కోట్ల టర్నోవరు, లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు చేయాలి. పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. ఇటువంటి చట్టం ప్రపంచంలో మొదట చేసింది భారతదేశమేనని తరచుగా వినిపిస్తుంది. మారిషస్‌లో ఉన్న తెలుగువారు ఈ మాట ఒప్పుకోకపోవచ్చు. అక్కడ 2009లోనే కంపెనీల లాభంలో 2 శాతాన్ని ఇందుకు కేటాయించాలని నిర్బంధించారు.

2021లో సవరించిన నియమాల్లో ఒక చిన్న వాక్యం ఉంది. ఏ ఇతర చట్టం కిందనైనా విధిగా చేయవలసిన పనిని కంపెనీ తన సామాజిక బాధ్యత ఖర్చుగా చూపకూడదు. అంటే, దుమ్ము లేవకుండా నీళ్లు చల్లడం, తవ్విన నేలను తిరిగి పూడ్చడం, పర్యావరణ అనుమతిలో పెట్టిన షరతులను పాటించడం సేవ కావు. అవి విధులు. దానానికీ బాకీకీ మధ్య ఉండవలసిన గీతను చట్టమే గీసింది. కాని ఆ గీత అకౌంటెంటు పుస్తకంలో ఉన్నంత స్పష్టంగా పల్లెలో ఉండదు. బావి ఎండిన ఊరికి ట్యాంకరు వస్తే, అది పరిహారంగా వచ్చిందో ఔదార్యంగా వచ్చిందో తాగేవాళ్లకు చెప్పేవారు ఎవరు? ట్యాంకరు మీద రాసి ఉండేది కంపెనీ పేరు ఒక్కటే.

ఈ 2 శాతానికి పదహారేళ్ల ముందు మరొక అంకె మన గడ్డ మీద నుంచే వచ్చింది. విశాఖ మన్యంలో, బొర్రా గుహలున్న అనంతగిరి మండలంలో, గిరిజన భూములను ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం కౌలుకివ్వడాన్ని 'సమత' అనే సంస్థ న్యాయస్థానంలో ప్రశ్నించింది. 1997 జులైలో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ఆధిక్యంతో తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూమి బదలాయించరాదన్న నిబంధన ప్రభుత్వానికీ వర్తిస్తుందని, అక్కడి ప్రభుత్వ భూమిని ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం ఇవ్వడం చెల్లదని దాని సారాంశం. అదే తీర్పులో, అటువంటి ప్రాంతాల్లో సాగే పరిశ్రమలు తమ నికర లాభంలో కనీసం 20 శాతాన్ని నీరు, బడి, ఆసుపత్రి, పారిశుధ్యం, రోడ్లు వంటి అవసరాలకు శాశ్వత నిధిగా పక్కన పెట్టాలన్న మాట ఉంది. అడవిని తిరిగి పెంచడానికీ, పర్యావరణాన్ని కాపాడడానికీ అయ్యే ఖర్చు ఆ 20 శాతంలో కలవదని కూడా తీర్పు విడిగా చెప్పింది.

ఇరవై ఎక్కడ, రెండు ఎక్కడ అని ఆశ్చర్యపోవడం సులభం. అంకెల తేడాకన్నా వాటి వెనక ఉన్న భావాల తేడా పెద్దది. సమత తీర్పు దృష్టిలో ఆ కొండల సంపదలో గిరిజనుడికి వాటా ఉంది. కంపెనీల చట్టం దృష్టిలో లాభమంతా కంపెనీదే, అందులో నుంచి కొంత సమాజానికి ఇస్తుంది. మొదటిదాంట్లో ఊరివాడు హక్కుదారు, రెండవదాంట్లో లబ్ధిదారుడు.

కొండకు వెల

నియమగిరి కథలో ఈ రెండు భావాలూ ముఖాముఖి తలపడ్డాయి. శుద్ధి కర్మాగారం ముందు కట్టారు. దానికి కావలసిన బాక్సైట్ కొండమీద ఉంది, కొండ తవ్వడానికి అనుమతి మాత్రం లేదు. 2007, 2008 సంవత్సరాల్లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుల్లో ఒక సూత్రం కనిపిస్తుంది. లాంజిగఢ్ ప్రాజెక్టు వార్షిక లాభంలో 5 శాతం, లేదా 10 కోట్ల రూపాయలు, ఏది ఎక్కువైతే అది, ఆ షెడ్యూల్డు ప్రాంతపు అభివృద్ధి కోసం జమ చేయాలి. ఆ షరతులకు ఒప్పుకుంటే తవ్వుకోవచ్చు. ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని సేవ ఇక్కడ అనుమతికి వెలగా మారింది. ఆ వెలను నిర్ణయించినవారిలో కొండమీద ఉండే డోంగ్రియా కోందులు లేరు.

2010లో సక్సేనా కమిటీ నివేదిక తరువాత కేంద్ర పర్యావరణ శాఖ అటవీ అనుమతిని నిరాకరించింది. వివాదం తిరిగి సుప్రీంకోర్టుకు చేరింది. 2013 ఏప్రిల్ 18న కోర్టు ఇచ్చిన తీర్పు ప్రశ్ననే మార్చింది. అటవీ హక్కుల చట్టం ప్రకారం ఆ కొండమీద తమ మతపరమైన, సాంస్కృతిక హక్కులకు భంగం కలుగుతుందా లేదా అన్నది గ్రామసభలే తేల్చాలని చెప్పింది. ఆ ఏడాది జులై, ఆగస్టు నెలల్లో జిల్లా జడ్జి స్థాయి అధికారుల సమక్షంలో 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి.

ఆ పల్లెలకు బడి అక్కరలేదా, వైద్యం అక్కరలేదా? తప్పకుండా కావాలి. మలేరియాకు ఎంతో కాలంగా పేరుపడ్డ ప్రాంతమది. ఆ సభల్లో వాళ్లు నిరాకరించింది వైద్యాన్ని కాదు, వైద్యాన్ని కొండకు బదులుగా చూపే బేరాన్ని. నియమరాజు వాళ్ల దేవుడు, కొండ ఆయన నివాసం. ఆ నమ్మకాన్ని పక్కన పెట్టినా, తూర్పు కనుమల శిఖరాల మీది బాక్సైట్ పొర వానను పీల్చుకుని వేసవిలో వాగులకు అందిస్తుందన్నది నేలను చూసి చెప్పగల సంగతి. వాగు పోయాక వచ్చే మంచినీటి పథకాన్ని అభివృద్ధి అనడానికి భాష మీద చాలా పట్టు ఉండాలి.

ముంజేతి లెక్కలు, ఊపిరితిత్తుల లెక్కలు

వైద్యశిబిరం లేని గనుల కంపెనీ నివేదిక అరుదు. ఎన్ని శిబిరాలు, ఎంతమందికి పరీక్షలు, ఎన్ని కళ్లజోళ్లు, ఎన్ని శస్త్రచికిత్సలు అన్నవి చక్కని పట్టికలుగా ఉంటాయి. వైద్యశాస్త్రం చదివినవారికి ఆ పట్టికల్లో వెంటనే కనిపించే లోపం ఒకటుంది. పైఅంకె ఉంటుంది, కిందిఅంకె ఉండదు. వెయ్యిమందికి రక్తపోటు చూశారు సరే. ఆ ప్రాంతంలో ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు మొత్తం ఎంతమంది? గని రాకముందు ఎంతమంది? పదేళ్ల తరువాత ఎంతమంది? గనికి రెండు మైళ్లలో ఉన్న ఊరికీ, ఇరవై మైళ్ల దూరంలో ఉన్న ఊరికీ తేడా ఎంత? ఈ ప్రశ్నలకు జవాబులు లేని శిబిరం చేసేది చికిత్స మాత్రమే. దానివల్ల జబ్బుకు కారణం తెలియదు. చేతి నాడిని చూసి, ఛాతీ వైపు చూడకుండా పంపేయడం వంటిదది.

సిలికోసిస్ ఇందుకు సరైన ఉదాహరణ. రాతిలోని సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరి మచ్చలు కట్టే వ్యాధి ఇది. సాధారణంగా పది, ఇరవై ఏళ్లు పడుతుంది. ఒకసారి వచ్చాక వెనక్కి తిరగదు. దాన్ని నయం చేసే మందు లేదు. పైగా క్షయ వచ్చే అవకాశాన్ని పలురెట్లు పెంచుతుంది, ఎక్స్‌రేలో క్షయలాగే భ్రమింపజేస్తుంది. రోగి క్షయ మందులు వాడుతూ, తగ్గక, మళ్లీ వాడుతూ పోతాడు. క్షయ అని రాస్తే అది సమాజంలో ఉన్న జబ్బు, దానికి బాధ్యులెవరూ లేరు. సిలికోసిస్ అని రాస్తే అది వృత్తివ్యాధి, యజమాని జవాబు చెప్పాలి. 1952 నాటి గనుల చట్టమే ఇటువంటి వ్యాధులను అధికారులకు తెలియజేయాలన్న విధిని యజమాని మీద, వైద్యుడి మీద పెట్టింది. ఒక్క పేరు మార్పుతో బాకీ అంతా మాయమవుతుంది. క్షయ నివారణకు కంపెనీ విరాళం ఇస్తే అది సామాజిక బాధ్యత పద్దులో చేరుతుంది కూడా.

జబ్బు బయటపడే నాటికి కార్మికుడు గనిలో ఉండడు. ఒప్పందపు కూలీ అయితే అతని పేరు ఏ కంపెనీ పుస్తకంలోనూ మిగలకపోవచ్చు. సింగరేణి కార్మికుడికి కంపెనీ ఆసుపత్రి ఉద్యోగంతో వచ్చిన హక్కు. అక్కడ అతను సంఘం ద్వారా అడగగలడు, పోట్లాడగలడు. గేటు బయట ఉన్న ఒప్పందపు కూలీకీ, పేలుళ్ల దుమ్ములో బతికే ఊరివాడికీ ఆ దారి లేదు. వాళ్లకు మిగిలేది శిబిరం.

దక్షిణాఫ్రికా నేర్పిన రెండు పాఠాలు

ఈ తేడా ఎంత పెద్దదో దక్షిణాఫ్రికా బంగారు గనులు చూపించాయి. తెంబెకిలే మన్కయి అనే కార్మికుడు 1979 నుంచి 1995 దాకా గనిలో పనిచేసి సిలికోసిస్‌తో, క్షయతో బయటికొచ్చాడు. చట్టప్రకారం అతనికి దక్కింది 16,320 రాండ్లు. ఆ పరిహారం తీసుకున్నవాడు యజమాని మీద దావా వేయలేడన్న వాదనను అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2011 మార్చిలో తోసిపుచ్చింది. తీర్పుకు కొద్ది రోజుల ముందే మన్కయి చనిపోయాడు. ఆ తీర్పు తెరిచిన దారిలో వేలమంది గని కార్మికుల తరఫున సామూహిక దావా నడిచింది. ఆరు కంపెనీలు 2018లో సుమారు 500 కోట్ల రాండ్ల ఒప్పందానికి వచ్చాయి. 2019లో హైకోర్టు దాన్ని ఆమోదించింది. ఆ సొమ్ము పంచడానికి త్షియామిసో ట్రస్టు ఏర్పడింది. వ్యాధి తీవ్రతను బట్టి మనిషికి 10,000 నుంచి 5,00,000 రాండ్ల దాకా ఇస్తుంది. ప్రాణానికి అది చాలినంత కాదు. అయినా అక్కడ జబ్బుకు పేరుంది, ఇచ్చేవాడికి కారణముంది, పుచ్చుకునేవాడు ఎవరికీ చేతులు జోడించనక్కర లేదు. అదే కంపెనీలు అన్నేళ్లూ బడులూ, క్లినిక్కులూ నడుపుతూనే ఉన్నాయి. ఆ క్లినిక్కులు చెప్పని సంగతిని కోర్టు చెప్పింది.

రెండవ పాఠం దీనికి విరుగుడు. హక్కును కాగితం మీద రాసినంత మాత్రాన చాలదని అది చెబుతుంది. దక్షిణాఫ్రికా చట్టం ప్రకారం గని కౌలు కావాలంటే కంపెనీ సామాజిక, కార్మిక ప్రణాళిక సమర్పించాలి. అది ఐచ్ఛిక సేవ కాదు, కౌలులో భాగం. మరికానా దగ్గర ప్లాటినం గనులు నడిపిన లోన్‌మిన్ కంపెనీ కార్మికులకు 5,500 ఇళ్లు కట్టిస్తామని అలా రాసిచ్చింది. 2012 ఆగస్టు 16న అక్కడ సమ్మె చేస్తున్న 34 మందిని పోలీసులు కాల్చి చంపారు. ఆ సంఘటన మీద వేసిన ఫార్లమ్ కమిషన్ విచారణలో తేలిన విషయాల్లో ఇదొకటి: గడువులోగా కట్టినవి 3 ఇళ్లు, అవీ నమూనా ఇళ్లు. మిగిలిన వేల ఇళ్లు ఏమయ్యాయని అన్నేళ్లలో అధికారులు గట్టిగా అడగలేదు. అడిగే అధికారం రేకుల గుడిసెల్లో ఉన్న కార్మికుడికి లేదు.

మూతపడిన ఆసుపత్రి

ఇంత దూరం వచ్చాక కంపెనీల తరఫున ఒక మాట వినడం న్యాయం. ప్రభుత్వ వైద్యుడు రాని చోట కంపెనీ వైద్యుడు ఉన్నాడు. అర్ధరాత్రి కష్టమైన కాన్పుతో వచ్చిన తల్లికి పద్దుపుస్తకాల తత్వం అక్కరలేదు, శస్త్రచికిత్స గది కావాలి. ఆ గది ఉండడం వల్ల బతికిన ప్రాణాలు నిజమైన ప్రాణాలు. అటువంటి ఆసుపత్రిలో నిజాయితీగా పనిచేసే వైద్యులు, నర్సులు ఎందరో ఉన్నారు. ఈ సేవంతా కపటమని కొట్టిపారేయడం ఆ తల్లికి చేసే అన్యాయం.

కాని గనికి ఆయుష్షు ఉంటుంది. ఖనిజం అయిపోయిన రోజునో, ధర పడిపోయిన రోజునో అది మూతపడుతుంది. ఆ తరువాత? చిత్తూరు జిల్లా సరిహద్దుకు దగ్గరలోనే, కోలారు బంగారు గనుల్లో, దీనికి జవాబు ఉంది. 1880ల్లో జాన్ టేలర్ కంపెనీ చేతుల్లో ఎదిగిన ఆ పట్నానికి 1902లోనే శివనసముద్రం నుంచి విద్యుత్తు వచ్చింది. కంపెనీ బళ్లు, క్లబ్బులు, పెద్ద ఆసుపత్రి ఉండేవి. జాతీయం చేశాక భారత్ గోల్డ్ మైన్స్ నడిపిన ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. వాటితోపాటే ఆసుపత్రీ మూతపడింది. మిగిలినవి బంగారం తీశాక పోసిన సయనైడు మట్టి దిబ్బలు. గాలి వీస్తే ఆ పొడి ఇప్పటికీ ఊరి మీదికి వస్తుంది. 2021లో కోవిడ్ రెండవ విడత వచ్చినప్పుడు పడకలు చాలక, ఇరవై ఏళ్లుగా పాడుపడి ఉన్న ఆ ఆసుపత్రి భవనాన్ని దులిపి, కడిగి, తిరిగి వాడుకలోకి తేవలసి వచ్చింది.

సేవ గనితోపాటు ఆగిపోయింది, హాని మాత్రం ఆగలేదు. ఈ రెంటి కాలపరిమితులు వేరు కావడమే అసలు చిక్కు. కంపెనీ సేవ వార్షిక బడ్జెట్టుతో నడుస్తుంది, ధూళి జబ్బు ఇరవై ఏళ్లకు బయటపడుతుంది, దిబ్బ వందేళ్లు ఉంటుంది.

అడగవలసినవి

గనుల చట్టాల్లో 2015లో వచ్చిన మార్పు ఈ దిశలో ఒక అడుగు. ప్రతి గనుల జిల్లాలోనూ జిల్లా ఖనిజ ఫౌండేషన్ ఉండాలి. కౌలుదారు ప్రభుత్వానికి కట్టే రాయల్టీకి అదనంగా, వేలంలో వచ్చిన గని అయితే రాయల్టీలో 10 శాతం, పాత కౌలు అయితే 30 శాతం, అందులో జమ చేయాలి. లాభం ఉన్నా లేకపోయినా, తవ్విన ప్రతి టన్నుకూ కట్టాలి. దాని మీద కంపెనీ పేరు ఉండదు. షెడ్యూల్డు ప్రాంతాల్లో పెసా చట్టాన్ని, అటవీ హక్కుల చట్టాన్ని దృష్టిలో పెట్టుకుని నియమాలు చేయాలని చట్టమే చెబుతోంది. భావనలో ఇది రెండు శాతపు దానంకన్నా ఇరవై శాతపు వాటాకు దగ్గర. కాని నిధి పగ్గాలు జిల్లా అధికారుల చేతుల్లో ఉన్నంత కాలం, గ్రామసభ తీర్మానం జాబితాకు జోడించే సంతకంగానే మిగిలిపోయే ప్రమాదం ఉంది. దాత మారినంత మాత్రాన లబ్ధిదారుడు హక్కుదారు కాడు.

విదేశాల్లో ఉన్న తెలుగువారికి ఈ చర్చ దూరపుది కాదు. పదవీవిరమణ నిధుల్లో ఈ కంపెనీల వాటాలు ఉండవచ్చు. సొంత ఊరికి చేసే సాయం కంపెనీ ఫౌండేషనుతో చేతులు కలిపి నడవవచ్చు. అందంగా అచ్చువేసిన నివేదిక చేతికి వచ్చినప్పుడు అడగవలసినవి పెద్ద ప్రశ్నలేమీ కావు. గని రాకముందు ఆ ఊళ్ల ఆరోగ్యస్థితిని ఎవరైనా నమోదు చేశారా? కంపెనీ జీతం తీసుకోని వైద్యుడు ఇప్పుడు దాన్ని కొలుస్తున్నాడా? ఆ ఫలితాలు ఆ ఊరివాళ్ల భాషలో ఆ ఊళ్లో దొరుకుతాయా? గని మూసేసిన మరుసటి ఏడాది ఆసుపత్రికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఊరు వద్దంటే ఆగే పని ఏదైనా ఆ ప్రణాళికలో ఉందా?

వీటికి జవాబు చెప్పగల కంపెనీ ఆసుపత్రి కట్టినా కట్టకపోయినా తన బాధ్యత నిర్వర్తిస్తున్నట్టే. జవాబు చెప్పలేని కంపెనీ ఎన్ని పడకల ఆసుపత్రి కట్టినా, ఆ పడకల మీదికి వచ్చేవారిలో తనవల్ల జబ్బుపడ్డవారు ఎందరో తెలుసుకోకుండానే లెక్క మూసేస్తుంది. లాంజిగఢ్ ఆసుపత్రి రిజిస్టరులో రోగి పేరు, వయసు, జబ్బు రాసే గళ్లు ఎలాగూ ఉంటాయి. ఆ జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో రాయడానికి ఇంకొక గడి కావాలి.